సమాధానం: ఆధార్‌లో కందుకూరు అడ్రస్ ఉంటే హైదరాబాద్‌లో గ్యాస్ ఎలా?

ఆధార్‌లో కందుకూరు అడ్రస్ ఉందని హైదరాబాద్‌లో గ్యాస్ ఏజెన్సీవాళ్ళు కనెక్షన్ ఇవ్వలేదని రాశారు, తమ్ముడూ. మీరు వాళ్ళని అడిగింది 14.2 కిలోల ఇంటి కనెక్షన్. దానికి హైదరాబాద్ అడ్రస్ ప్రూఫ్ కావాలి, అందుకే తిప్పి పంపారు.

1. అదే ఏజెన్సీలో "5 కిలోల ఎఫ్‌టీఎల్ సిలిండర్" అని పేరు పెట్టి అడగండి. ఎఫ్‌టీఎల్ అంటే ఫ్రీ ట్రేడ్ ఎల్‌పీజీ, కనెక్షన్ లేకుండానే కొనుక్కునే చిన్న సిలిండర్. చాలామంది "చిన్న సిలిండర్ ఉందా" అని అడిగి, లేదనిపించుకుని వచ్చేస్తారు. దీనికి గుర్తింపు కార్డు చాలు. కందుకూరు ఆధారైనా పర్లేదు. సబ్సిడీ మాత్రం రాదు.

2. బిల్లు పారేయకండి. సిలిండర్ వాపసు ఇచ్చే రోజున అడగొచ్చు.

3. సీలు చూసుకోండి. మూత తీయించి, లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూశాకే తెచ్చుకోండి.

సందుల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి పట్టి అమ్మే గ్యాస్ జోలికి దయచేసి పోవద్దు. ఇరుకు గదిలో ప్రాణాల మీదికొస్తుంది.

ఇంటి ఓనరు అద్దె అగ్రిమెంట్ రాసిచ్చాక, దాన్నే అడ్రస్ ప్రూఫ్‌గా చూపించి పెద్ద కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టుకోండి.