హొరైజన్ యూరప్ నిధి దక్కని ప్రాజెక్టుకు ప్రాంతీయ ప్రభుత్వం సాయం చేయగలదా?

చేయగలదు. హొరైజన్ అంటే యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధి. ఆ డబ్బును బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ పోటీ పెట్టి ఇస్తుంది. యూనియన్‌దే అయిన ప్రాంతీయ అభివృద్ధి నిధి మాత్రం దేశాల వాటాగా వస్తుంది, చాలాచోట్ల ఖర్చు పెట్టేది ప్రాంతీయ ప్రభుత్వమే. కాబట్టి ఈ రెంటినీ కలపాల్సింది కూడా అదే.

తేలికైన దారి 'సీల్ ఆఫ్ ఎక్సలెన్స్'. మూల్యాంకనంలో నెగ్గినా బడ్జెట్ చాలక ఆగిపోయిన ప్రతిపాదనకు కమిషన్ ఇచ్చే ముద్ర ఇది. యూనియన్ నిధుల వాడకంపై ఉన్న 2021/1060 నిబంధన 73వ అధికరణం ప్రకారం, ముద్ర ఉన్న ప్రాజెక్టుకు ప్రాంతీయ నిధిని నేరుగా ఇవ్వొచ్చు, నాణ్యతను మళ్లీ తూచక్కర్లేదు. అయితే ప్రాజెక్టు అంశం ప్రాంతపు స్మార్ట్ స్పెషలైజేషన్ వ్యూహంలో, అంటే ఆ ప్రాంతం ఏ రంగాల మీద దృష్టి పెట్టాలో తేల్చే పత్రంలో, ఇమడాలి. అసలు చిక్కు ఇక్కడే. విశ్వవిద్యాలయాలనూ చిన్న పరిశ్రమలనూ పిలవకుండా రాసిన వ్యూహంలో మంచి ప్రతిపాదనకు చోటుండదు. ముద్ర చేతిలో ఉన్నా ఫైలు కదలదు. ఇలాంటివాటికని ముందే పద్దు కేటాయించకపోయినా అంతే.

ఒకే ఖర్చును రెండు చోట్లా చూపకూడదు. ప్రాంతీయ నిధితో పూర్తిగా కొన్న పరికరం తరుగుదలను హొరైజన్ లెక్కలో వేస్తే ఆడిట్‌లో కొట్టేస్తారు. దాన్ని వాడే పరిశోధకుల జీతం వేసుకోవచ్చు. ప్రాగ్ దగ్గరి ఎలీ లేజర్ కేంద్రం ప్రాంతీయ నిధితో కట్టిందే. భవనాలకూ యంత్రాలకూ ఆ నిధి, పరిశోధనకు హొరైజన్ అని మొదటి రోజే విడదీసి, వేర్వేరు ఖాతాలు పెట్టండి.