జీతం పడిన రోజే మళ్లీ మొదలెడుతున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. ఏడాదిగా కొకైన్ పీలుస్తున్నాడని ఈమధ్యే తెలిసింది. రెండుసార్లు తనే మానేశాడు. మూడు రోజులు ఒకటే నిద్ర, తర్వాత తేరుకున్నాడు. జీతం పడగానే మళ్లీ మొదలు. ఊరికి తీసుకొచ్చి ఓ నెల గదిలో పెట్టి తాళం వేద్దామంటున్నారు నాన్న. దీనికి మందుందా?

జవాబు: అమ్మా, ఆ మూడు రోజుల నిద్ర చూసి గండం గడిచిందనుకున్నారు. అసలు గండం ఆ తర్వాతే.

కొకైన్ ముక్కుతో పీల్చినప్పుడు హుషారు 15 నుంచి 30 నిమిషాలే ఉంటుంది. దిగగానే నీరసం, చిరాకు. అందుకే ఒక్క రాత్రిలోనే మళ్లీ మళ్లీ పీలుస్తారు. మానేశాక విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు. తాగుడు మానినప్పటిలా చేతులు వణకవు కాబట్టి ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. ఆ దిగులులో చావు ఆలోచనలు రావచ్చు. ఆ వారం ఒంటరిగా వదలకండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగానే అడగండి.

ఆపైన వారాల తరబడి, మనిషి మామూలుగా తిరుగుతుండగానే తహతహ పుడుతుంది. జీతం పడిన మెసేజ్, శుక్రవారం రాత్రి, రెండు పెగ్గులు... ఇవి చాలు. తాళం వేసిన గదిలో ఇవేవీ ఉండవు, వాటిని తట్టుకోవడమూ అలవాటు కాదు. పైగా నెల తర్వాత పాత మోతాదే పీలిస్తే ప్రాణాపాయం.

కొకైన్‌ను మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మాత్ర ఇంతవరకూ లేదు. అన్నంలో కలపమని అమ్మే పొడులు కొనకండి. దిగులుకూ నిద్రకూ సైకియాట్రిస్టు మందులిస్తారు. వ్యసనానికి మాత్రం వారం వారం కౌన్సెలింగే చికిత్స: ఎప్పుడు, ఎవరితో, ఏ మూడ్‌లో పీల్చాడో రాయించి, ఆ ఘడియ ఎలా దాటాలో సాధన చేయిస్తారు. దాంతోపాటు వారానికి రెండుమూడు మూత్ర పరీక్షలు చేసి, శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి బాగా పనిచేస్తుంది. మూత్రంలో ఆనవాళ్లు సాధారణంగా 2 నుంచి 4 రోజులే దొరుకుతాయి కనుక నెలకోసారి చేస్తే ఏమీ తెలియదు.

మద్యం కూడా మానాలి. కొకైన్, మద్యం రెండూ కలిస్తే ఒంట్లో కోకాఎథిలీన్ అనే పదార్థం తయారై గుండెకు మరింత చేటు చేస్తుంది. ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి, కొకైన్ సంగతి డాక్టరుకు దాచకండి. దాన్నిబట్టి ఇచ్చే మందులు మారతాయి.

కేసు భయమా? మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా చిన్న మోతాదు (కొకైన్‌కు 2 గ్రాములు) కేసుల్లో, తనంతట తానే ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్సకు చేరిన వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే అది పోవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లొచ్చు. దగ్గర్లోని డీ-అడిక్షన్ కేంద్రం కోసం 14446కి, దిగులు ముదిరితే ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి.

అతను ఒప్పుకుంటే, జీతం పడిన రోజే అద్దె, ఈఎంఐ పోగా మిగిలింది మీ ఖాతాకు పంపే ఏర్పాటు చేసుకోండి. కౌన్సెలింగ్ అపాయింట్‌మెంటు కూడా ఆ సాయంత్రానికే తీసుకోండి. తొలి రెండు నెలలు మీరూ వెంట వెళ్లండి.