అచ్చులుంటే చాలదు: పాత కార్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాయన అంబాసిడర్‌లో శ్రీశైలానికి ఎన్నిసార్లు పోయొచ్చినామో లెక్కే లేదు. 2014లో తయారీ ఆపేసినారు. డ్రాయింగులు ఉంటాయి, అచ్చులు ఉంటాయి. అదే బండిని మళ్లా చేసి అమ్మితే ఏం పోతుంది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: డ్రాయింగులు అసలు సమస్యే కాదు. అచ్చుల దగ్గర మొదలుపెడదాం. ఫెండర్ ఒక్క దెబ్బతో తయారుకాదు. మొదటి అచ్చు రేకును లోతుకు లాగుతుంది, తర్వాతిది అంచు కోస్తుంది, ఇంకొకటి రంధ్రాలు కొడుతుంది, చివరిది అంచు మడుస్తుంది. ఒక్క రేకుకే మూడు నాలుగు అచ్చులన్నమాట. అంబాసిడర్‌కు మూలం 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న అచ్చుకు మూలలు అరిగిపోతాయి. అప్పుడు రేకు ఒకచోట ముడత పడుతుంది, ఒకచోట చీలుతుంది. ఆ లోపాన్ని లైనులో మనిషి సుత్తితోనో లప్పంతోనో కప్పెయ్యాలి. డోరు సందు పైన 4 మి.మీ., కింద 8 మి.మీ. ఉంటే ఆనాటి కొనుగోలుదారు పట్టించుకోలేదు. ఇప్పుడు లక్షలు పోసి కొనేవాడు షోరూములోనే గొడవ పెడతాడు.

కొత్త అచ్చులు చేయించినా చిన్న సామాను దొరకాలి. డోరు హ్యాండిలు, వైపర్ మోటారు, అద్దం చుట్టూ రబ్బరు బీడింగు, ముందు అద్దం, ఇవన్నీ బయటి తయారీదార్లు ఇచ్చేవే. బీడింగుకు అచ్చు చవక. వంపు తిరిగిన ముందు అద్దానికి మాత్రం ఖర్చు ఎక్కువ, కొన్ని వందల బండ్ల కోసం ఎవరూ ముందుకు రారు. ఆగిపోయే ముందు ఏడాది అమ్ముడైనవి సుమారు 2,200 బండ్లే అని గుర్తుంచుకోండి.

అసలు గోడ ఇంజిన్ దగ్గర ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు. పెట్రోలు కారు కిలోమీటరుకు 0.06 గ్రాముకు మించి నైట్రోజన్ ఆక్సైడ్లు వదలకూడదు. అందుకు మూడు రకాల విషవాయువులను ఒకేసారి శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్ కావాలి. అది సరిగ్గా పనిచేయాలంటే పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు చొప్పున ఎప్పటికప్పుడు తూచినట్టు అందాలి. పాత ఇంజిన్లలో గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్ వల్ల అది కాదు. చలికి ఒక తీరు, ఎండకు ఒక తీరు. మిశ్రమం చిక్కనైతే మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లో మండి, దాని లోపలి తేనెపట్టు లాంటి గూడు కరిగిపోతుంది. ఇంజిన్ ఆయిలు తాగితే అందులోని ఫాస్ఫరస్ దాన్ని చంపేస్తుంది. పాత 1489 సీసీ ఇంజిన్‌కు ఇంజెక్షన్, సెన్సార్లు, కొత్త హెడ్డు పెడితే పేరుకే అది పాత ఇంజిన్.

ఆపై ఢీకొట్టే పరీక్షలు. గంటకు 56 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా అడ్డుకు గుద్దిస్తారు. రేకు మందంగా ఉంటే గట్టి బండి అని మనవాళ్ల నమ్మకం. కానీ బానెట్ ముడుచుకుని దెబ్బను మింగాలి, మనుషులు కూర్చునే గది ముడవకూడదు. పాత బండిలో ఈ రెంటికీ తేడా లేదు. ఎయిర్‌బ్యాగు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా తప్పనిసరి. బ్రెజిల్‌లో ఫోక్స్‌వ్యాగన్ కోంబీ వ్యానును 1957 నుంచి చేశారు, 2014 నుంచి ఈ రెండూ తప్పనిసరి అనేసరికి 2013 చివర్లో ఆపేశారు.

అందుకే తిరిగొచ్చేది సాధారణంగా పేరే. అంబాసిడర్ పేరును 2017లో ప్యూజో సంస్థ 80 కోట్లకు కొనుక్కుంది. 2018లో వచ్చిన జావా బైకులో ఉన్నది నీటితో చల్లబడే కొత్త 293 సీసీ ఇంజిన్, మైసూరు నాటి టూ-స్ట్రోక్ కాదు.

ప్రశ్న: పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. అంత పెద్ద చోట ఒక మూల ప్రీమియర్ పద్మిని చేయలేరా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ఎర్రమంచిలోని ఆ ఫ్యాక్టరీ ఏడాదికి లక్షల కార్లు చేయడానికి కట్టింది. వెల్డింగ్ రోబోలు, రేకును పట్టుకునే జిగ్‌లు ఏ మోడల్‌కు ఆ మోడలే. నెలకు వంద పద్మినీల కోసం లైను మారిస్తే, మార్చడానికే పొద్దు సరిపోతుంది. తక్కువ సంఖ్యలో చేయాలంటే చేతిపని షెడ్డే నయం, ధర మాత్రం ఆకాశంలో ఉంటుంది. జాగ్వార్ 1963లో బరువు తగ్గించిన ఈ-టైపు కార్లు 18 చేద్దామనుకుని 12 చేసి ఆపింది, మిగిలిన ఆరింటిని 2014లో చేతిపనితో మొదలుపెట్టింది. కొన్నవాళ్లు కోటీశ్వరులు!

ప్రశ్న: నాకు టింకరింగ్ షెడ్డు ఉంది. అంబాసిడర్ డోర్ల కింద తుప్పుపట్టే సిల్ రేకులు ఎక్కడా దొరకవు. నేనే చేసి అమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: కారు చేయడం కష్టమైనా, ఇది మీ చేతిలో పని. బాగున్న వైపు నుంచి ప్రతి 75 మి.మీ.కు ఒక అట్టముక్కను వంపుకు తగ్గట్టు కోసుకోండి. తిప్పి పెడితే రెండో వైపుకూ అవే పనికొస్తాయి. నల్లతుమ్మ దుంగను ఆ వంపుకు చెక్కి, దాని మీద రేకు వంచండి. 20 గేజీ, అంటే 0.9 మి.మీ. సీఆర్‌సీఏ రేకు (పూత లేని, వేడిచేసి మెత్తబరిచిన ఉక్కు రేకు), లోతుగా లాగడానికి పనికొచ్చే ఈడీడీ రకం అడగండి. జింకు పూత ఉన్న జీఐ రేకు చవకని తెస్తే వెల్డింగులో జింకు పొగ వచ్చి అతుకు జల్లెడవుతుంది. వంచిన రేకు రెండు మూడు డిగ్రీలు వెనక్కి లేస్తుంది, అందుకని కోణం కాస్త ఎక్కువే వంచండి.

ఎక్కువమంది చేసే తప్పు పాత సిల్‌ను ముందే కోసేయడం. ఈ బండికి వేరే ఛాసిస్ లేదు, సిల్ కూడా బరువు మోస్తుంది. కోయగానే నడుము వంగుతుంది, కొత్తది వెల్డు చేశాక డోరు పడదు. ముందు బండిని సమతలంగా నిలబెట్టి, డోరు ఖాళీలో 25 మి.మీ. చదరపు పైపును ఐమూలగా వెల్డు చేసుకుని, ఆ తర్వాతే కోయండి. గ్యాసు వద్దు, రేకంతా అలలవుతుంది. 0.8 మి.మీ. తీగతో మిగ్ వెల్డింగు, చుక్కచుక్కగా, ఒక చుక్క ఇక్కడ పెడితే తర్వాతది దూరంగా. మూసేముందు లోపల జింకు ప్రైమర్, ఆరాక మైనం. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయొద్దు, పాతది కుళ్లింది అవి మట్టితో మూసుకుపోవడం వల్లే. లప్పం 2 మి.మీ. దాటితే పని సరిగ్గా కాలేదని అర్థం.

పది జతలకు మించి ముందే చేసి పెట్టుకోవద్దు. ఏ మోడల్‌కు సరిపోతుందో బండికి తొడిగి చూశాకే బిల్లులో రాయండి. కంపెనీ గుర్తు మాత్రం కొట్టకండి.

ప్రశ్న: 1968 నాటి కారును బాగుచేయిస్తున్నాను. వింటేజ్ నంబరు తీసుకుంటే రోజూ నడుపుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: నడపకూడదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత బండికి వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు రూ.5,000. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. రోజూ మార్కెట్టుకు వెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే పునరుద్ధరించుకోండి. ఇంజిన్ మార్చే ఆలోచన ఉంటే దరఖాస్తుకు ముందే మానుకోండి.