ఆ థ్రాటిల్ బాడీ మీ బండిది కాదు అన్నా

అన్నా, ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నడక) ఎగుడుదిగుడుగా ఉందని ఇంగ్లండ్ నుంచి పాత థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని రెక్కతో అదుపు చేసే భాగం) తెప్పించాననీ, ఆటోనగర్‌లో మెకానిక్ "కొంచెం మార్చి బిగించేస్తా" అంటున్నాడనీ రాశారు. దయచేసి ఒప్పుకోకండి.

మీ ఆక్టేవియా 1.8 టర్బో ఇంజిన్ కోడ్ ఏయూఎమ్ అన్నారు. యూరప్‌లో దానికంటే ముందు అదే 150 హార్స్‌పవర్‌తో ఏజీయూ అని ఇంకొకటి వచ్చింది. అందులో యాక్సిలరేటర్ పెడల్ నుంచి కేబుల్ వచ్చి థ్రాటిల్‌ను లాగుతుంది. మీ దాంట్లో కేబులే ఉండదు, పెడల్ దగ్గర సెన్సర్, థ్రాటిల్‌లో మోటారు. మీరు తెప్పించినదాని ఫొటోలో పక్కన చిన్న చక్రం, దాని అంచున గాడి ఉన్నాయి చూడండి, కేబుల్ కూర్చునేది అక్కడే. అందులోని మోటారు ఐడిలింగ్ వరకే రెక్కను కదుపుతుంది, పూర్తిగా తెరవలేదు. వైర్లు అతికించినా లాభం లేదు. అమ్మేవాళ్లు "1.8 టర్బో" అని మాత్రమే రాస్తారు, అదే కొంప ముంచుతుంది. తిప్పి పంపేయండి.

ముందు మీ బండిలో ఉన్నదాన్ని విప్పి చూడండి. టర్బో బళ్లలో ఇంటర్‌కూలర్ పైపుల గుండా నూనె ఆవిరి వచ్చి రెక్క అంచున నల్లగా పేరుకుంటుంది. థ్రాటిల్ క్లీనర్, మెత్తని గుడ్డ చాలు. కనెక్టర్ పిన్నులూ చూడండి. మన సముద్రపు గాలికి నా బండిలో ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టింది, అది తుడిచాకే ఐడిలింగ్ కుదిరింది.

తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, స్కానర్‌లో బేసిక్ సెట్టింగ్స్ గ్రూప్ 060 నడిపించమనండి, రెక్క స్థానాలను ఇంజిన్ కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవడానికి. గ్రూప్ 098 కేబుల్ రకానిది.