పోచంపల్లి, పానగల్లు ఒకే రోజులో గైడ్‌తో చూడవచ్చా?

హైదరాబాదు నుంచి అమ్మానాన్నలను వెంటబెట్టుకుని, గైడ్ ఉండే వ్యానులో ఒకే రోజున పోచంపల్లి మగ్గాలు, పానగల్లు గుడులు చూసి రావచ్చా అని అడిగారు. రావచ్చు. నేను రెండుసార్లు అలాగే వెళ్లాను, కానీ మొదటిసారి చేతిలో చీర సంచి తప్ప ఏమీ మిగలలేదు.

ఆ రోజు నిర్వాహకులు ముందు గుడులు తిప్పి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పోచంపల్లి చేర్చారు. ఆ వేళకు నేతవారు భోజనానికి లేచారు. ఖాళీ మగ్గం పక్కన ఫోటోలకు పది నిమిషాలు, ఆ తర్వాత ఒక దుకాణంలో గంటన్నర. అమ్మకంలో గైడ్‌కు వాటా ఉందేమోనన్న అనుమానం నాకింకా పోలేదు. అందుకే రెండోసారి వేరొక గైడ్‌ను మాట్లాడుకుని, ముందురోజే ఫోనులో రెండు షరతులు పెట్టాను: ఉదయం తొమ్మిదిలోపు పోచంపల్లిలో ఉండాలి, దుకాణం కంటే ముందు చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే ముడి) కట్టే ఇల్లు చూపించాలి.

ఈ రెండో షరతు మీరూ తప్పక పెట్టండి. మగ్గం ఎక్కడైనా మగ్గమే. పోచంపల్లి పనితనం నూలు మగ్గం మీదికి ఎక్కకముందే అయిపోతుంది. ఇక్కత్‌లో రంగు బట్టకు కాక నూలుకు అద్దుతారు కనుక, పువ్వు ఎక్కడ రావాలో నేయకముందే లెక్క తేలాలి. మేము వెళ్లిన ఇంట్లో ఒక పెద్దావిడ చట్రానికి బిగించిన పోగుల మీద గీసిన గుర్తుల వెంట, సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలను చుట్టి ముడి వేస్తున్నారు. కట్టిన చోట రంగు అంటదు. విప్పి, మరో చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. మా నాన్న మగ్గం ఎక్కడని అడిగితే ఆవిడ తలెత్తకుండానే, "చీరంత చిటికిలనే ఉంటది బిడ్డా, నేసుడు ఎనుక ముచ్చట" అన్నారు. మగ్గం మీద రంగుల పోగులు ఒకదాని పక్కకొకటి చేరి పువ్వుగా తేలడం చూశాక ఆ మాట అర్థమైంది. పువ్వు అంచులు కాస్త చెదిరినట్లు ఉండటం, రెండు వైపులా రంగు ఒకేలా పలకడం అసలైన ఇక్కత్‌కు గుర్తులు. అచ్చు వేసిన నకలును తిప్పి చూస్తే వెనుక వెలవెలబోతుంది.

ఆసు (నేతకు ముందు నూలును కొయ్యల చుట్టూ చుట్టడం) పోసే యంత్రం కూడా చూపించమనండి. పూర్వం ఒక చీరకు ఆసు పోయాలంటే ఆడవాళ్లు కొయ్యల చుట్టూ చేతిని సుమారు 9000 సార్లు తిప్పేవారు. తల్లి పడే భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఈ యంత్రాన్ని తయారు చేసి, ఆమె పేరు మీదే లక్ష్మీ ఆసు అని పిలిచారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మా గైడ్ ఈ సంగతి చెప్పనేలేదు, ఆ ఇంటివాళ్లే చెప్పారు.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చిన ఊరు కూడా ఇదే. వినోబా మందిరానికి అరగంట చాలు.

పానగల్లు నల్గొండ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూపించి గైడ్లు అద్భుతమని ముగిస్తారు. కానీ గర్భగుడిలోకి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, మండపం పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురు. ఆ వెలుతురుకు తగినట్లు స్తంభాలను నిలిపిన శిల్పుల లెక్కే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. పచ్చల సోమేశ్వరాలయంలో మాత్రం తొందరపడకండి. అక్కడి రామాయణ, భారత శిల్పాల ముందు మా నాన్న ఒక్కొక్క ఘట్టాన్ని పోల్చుకుంటూ గంటసేపు నిలబడ్డారు, గైడ్ గడియారం చూసుకుంటున్నా పట్టించుకోలేదు.

దారిలో ఉంది కదా అని నిర్వాహకులు భువనగిరి కోటను కూడా కలపమంటారు. ఒకే బండ మీద ఉన్న ఆ కోట మెట్లు ఎండలో పెద్దవాళ్లకు కష్టం. దానికి చలికాలంలో వేరే ఉదయం పెట్టుకోండి.