సమాధానం: ఒకే రోజు రెండు జట్లకు హిట్ కొట్టిందెవరు?

బేస్‌బాల్ క్విజ్‌లో “ఒకే రోజు రెండు ఊళ్లలో, రెండు జట్ల తరఫున హిట్ (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టిందెవరు?” అన్న ప్రశ్నకి మీరు 1922 నాటి ఆటగాళ్లు మాక్స్ ఫ్లాక్, క్లిఫ్ హీత్‌కోట్ పేర్లు రాస్తే తప్పన్నారని కదా మీ బాధ. తప్పే మరి. మే 30న షికాగోలో కబ్స్, కార్డినల్స్ జట్లు ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడాయి. మధ్య విరామంలో వీళ్లిద్దరినీ అటూ ఇటూ మార్చుకున్నారు. కానీ మొదటి మ్యాచ్‌లో ఇద్దరికీ ఒక్క హిట్టూ లేదు, పైగా ఊరూ ఒకటే.

ప్రశ్నలో “రెండు ఊళ్లలో” అని ఉందిగా, జవాబు జోయెల్ యంగ్‌బ్లడ్. 1982 ఆగస్టు 4. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ మైదానంలో అప్పటికి ఫ్లడ్‌లైట్లు లేవు (1988లో వచ్చాయి), కాబట్టి మ్యాచ్ పగలే. న్యూయార్క్ జట్టు మెట్స్ తరఫున ఫెర్గూసన్ జెంకిన్స్ బౌలింగ్‌లో హిట్ కొట్టాడు. ఆట మధ్యలోనే పిలిచి, నిన్ను మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టుకి ఇచ్చేశాం అన్నారు. బయల్దేరాక చూసుకుంటే గ్లవ్ మైదానంలోనే మర్చిపోయాడు! మళ్లీ వెళ్లి తెచ్చుకుని, విమానమెక్కి, రాత్రికి ఫిలడెల్ఫియాలో ఎక్స్‌పోస్ తరఫున దిగి స్టీవ్ కార్ల్‌టన్ మీద ఇంకో హిట్. ఆ బౌలర్లిద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు (అది బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం). నాకైతే గ్లవ్ సంగతే ఎక్కువ నచ్చింది.