మిడ్‌టర్మ్ రాయలేకపోతే మేకప్ ఇస్తారా?

అమెరికాలో ఎం.ఎస్. చేయడానికి కొత్తగా వచ్చిన విద్యార్థులు తరచుగా అడిగే సందేహం ఇది. జ్వరం వల్లనో, ఊళ్లో ఇంట్లోవాళ్లకు బాగాలేకపోవడం వల్లనో మిడ్‌టర్మ్ రాయలేకపోతే మళ్లీ రాయనిస్తారా? జేఎన్‌టీయూ పద్ధతికి అలవాటుపడినవారు సప్లిమెంటరీ ఎలాగూ ఉంటుందన్న ధీమాతో ఉంటారు. ఇక్కడ ఆ ఏర్పాటు మామూలుగా ఉండదు. ప్రశ్నపత్రం తయారుచేసేదీ, మార్కులు వేసేదీ సాధారణంగా పాఠం చెప్పే ప్రొఫెసరే కనుక, మేకప్ (రాయలేకపోయినవారికి విడిగా పెట్టే పరీక్ష) పెట్టాలా వద్దా అన్నది కూడా చాలావరకు వారి నిర్ణయమే. ఆ నియమం సెమిస్టర్ మొదట్లో ఇచ్చే సిలబస్‌లో, అంటే కోర్సు నియమాల పత్రంలో, రాసి ఉంటుంది. కొందరు మేకప్ పెట్టకుండా ఆ మార్కుల వాటాను ఫైనల్‌కు కలుపుతారు. కొందరు అన్నిటికంటే తక్కువ వచ్చిన క్విజ్‌ను లెక్కలోంచి తీసేస్తారు.

మీ చేతిలో ఉన్నది, పరీక్ష మొదలుకాకముందే తెలియజేయడం. యూనివర్సిటీ ఐడీ నుంచే ఈమెయిల్ పంపండి. సబ్జెక్ట్ లైన్‌లో కోర్సు నంబరు, సెక్షన్, పరీక్ష తేదీ ఉండాలి. లోపల నాలుగు వాక్యాలు చాలు: ఎందుకు రాలేకపోతున్నారు, ఏ ఆధారం చూపగలరు, ఎప్పటికి కోలుకుంటారనుకుంటున్నారు, ఆ తర్వాత ఏయే రోజుల్లో రాయగలరు. జబ్బు వివరాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఒంట్లో ఓపిక లేకపోతే రెండు ముక్కలు రాసి పంపినా మేలే. మూడు రోజులు ఊరుకుని తర్వాత పంపిన పెద్ద ఉత్తరం కంటే ముందు పంపిన ఆ రెండు ముక్కలకే విలువ ఎక్కువ. అర్జంట్ కేర్ క్లినిక్‌కు వెళితే తేదీ వేసిన కాగితం అడిగి తీసుకోండి. కుటుంబ అత్యవసరమైతే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ కార్యాలయానికి చెప్పండి. చాలా చోట్ల వారు ఆధారాలు పరిశీలించి మీ ప్రొఫెసర్లందరికీ ఒకేసారి తెలియజేస్తారు, అయితే మేకప్ ఇచ్చి తీరాలని సాధారణంగా శాసించరు. దీపావళి నాడు పరీక్ష పడితే, మతపరమైన పండుగలకు వెసులుబాటు ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి కనుక, సెమిస్టర్ మొదటి వారాల్లోనే అడగాలి.

ఒక విషయంలో మాత్రం తొందరపడకండి. పరీక్ష పోయిందన్న దిగులుతో చాలామంది కోర్సే డ్రాప్ చేయాలనుకుంటారు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి డిగ్రీ స్థాయిలో సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు ఉండాలి. మాస్టర్స్‌కు యూనివర్సిటీయే నిర్ణయిస్తుంది, చాలా చోట్ల అది 9. డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) ముందస్తు అనుమతి లేకుండా అంతకంటే తగ్గితే ఎఫ్-1 స్టేటస్ పోతుంది. ఆరోగ్య కారణమైతే డాక్టరు లేఖతో క్రెడిట్లు తగ్గించుకునే అవకాశం ఉంది, కానీ డ్రాప్ నొక్కడానికి ముందే డీఎస్‌ఓను కలవాలి. కోర్సులో అధిక భాగం పూర్తయ్యాక ఫైనల్ ఒక్కటే రాయలేకపోతే ఇన్‌కంప్లీట్ గ్రేడు అడగవచ్చు; గడువులోగా పూర్తిచేయకపోతే అది చాలా చోట్ల ఎఫ్ (ఫెయిల్) గ్రేడుగా మారుతుంది.

మేకప్ దొరికాక, ముందే రాసిన స్నేహితులను వాట్సాప్‌లో ప్రశ్నలు అడగవద్దు. ఇక్కడ దాన్ని కాపీగానే పరిగణిస్తారు. చెప్పినవారు కూడా మీతోపాటే విచారణకు నిలబడాల్సి వస్తుంది.